కాల్పుల మధ్య చిక్కుకుంటే ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కాల్పుల వార్త వచ్చినప్పుడల్లా రెండు రోజులు బాధపడి మూడో రోజు మరిచిపోతాం. మరిచిపోవడంలో తప్పేమీ లేదు, రోజూ భయంతో బతకలేం కదా. కానీ ఆ రెండు రోజుల్లో ఓ పావుగంట కూర్చుని "అక్కడ మేమే ఉంటే ఏం చేయాలి" అని ఆలోచించుకున్నవాళ్లకు కాళ్లు తొందరగా కదులుతాయి, ఆలోచించనివాళ్లు ఉన్నచోటే బిగుసుకుపోతారు. ఆ పావుగంట కోసమే ఇదంతా రాస్తున్నాను.

యాక్టివ్ షూటర్ అంటే ఎవరు? దొంగ తుపాకీ చూపించడం కూడా ఇదేనా?

కాదు. జనం ఉన్నచోటికి తుపాకీతో వచ్చి, కనబడినవాళ్లను కనబడినట్టు కాలుస్తూ, ఇంకా ఆగకుండా తిరుగుతున్న మనిషిని యాక్టివ్ షూటర్ అంటారు. దొంగకు కావాల్సింది డబ్బు. ఇచ్చేస్తే పోతాడు, అక్కడ ఎదురు తిరగకుండా అడిగింది ఇచ్చేయడమే మంచిది. ఇతనికి మన దగ్గర కావాల్సింది ఏమీ ఉండదు, అందుకే బతిమాలితే వదిలేస్తాడులే అన్న ఆశ మీద ఆధారపడకూడదు.

ఇలాంటివి ఎంతసేపు సాగుతాయి? పోలీసులు వచ్చేదాకా ఆగితే సరిపోదా?

2000 నుంచి 2013 వరకు అమెరికాలో జరిగిన 160 ఘటనలను అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరిశీలించింది. వాటిలో ఎంతసేపు జరిగిందో కచ్చితంగా తేలినవి 63. ఆ 63లో 44 ఘటనలు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి, ఇంకా చెప్పాలంటే 23 ఘటనలు రెండు నిమిషాల్లోపే అయిపోయాయి. ఎంత వేగంగా వచ్చే పోలీసులైనా ఫోన్ అందుకుని, బండెక్కి, చోటు తెలుసుకుని లోపలికి వచ్చేసరికి చాలాసార్లు జరగాల్సింది జరిగిపోతుంది.

ఒక్కోసారి దీనికి పూర్తిగా ఉల్టా జరుగుతుంది. 2022 మేలో టెక్సాస్‌లోని యువాల్డీ బడిలో పోలీసులు కొద్ది నిమిషాల్లోనే లోపలికి వచ్చారు గానీ, దుండగుడు ఉన్న గదిలోకి వెళ్లడానికి 77 నిమిషాలు పట్టింది. ఆ గదుల్లోంచి పిల్లలు ఫోన్ చేసి సాయం అడుగుతూనే ఉన్నారు. అక్కడ 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. అంటే మొదటి కొన్ని నిమిషాలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయనుకుని సిద్ధపడాలి.

అది తుపాకీ శబ్దమేనని ఎలా తెలుస్తుంది?

చాలాసార్లు తెలియదు. బతికి బయటపడినవాళ్లలో ఎంతోమంది చెప్పేది ఒకటే, మొదట టపాకాయలనుకున్నాం అని. గోడల మధ్య శబ్దం ప్రతిధ్వనిస్తుంది కాబట్టి ఎటువైపు నుంచి వస్తుందో కూడా సరిగ్గా అంతుపట్టదు. మన మెదడు మామూలు కారణం కోసమే వెతుకుతుంది, పక్కవాళ్లు కదలకపోతే మనం కూడా కదలం. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడిపోయే ఆ కొన్ని సెకన్లే అన్నిటికంటే ప్రమాదం. టపాకాయలు కాల్చే సందర్భం కాని చోట అలాంటి శబ్దం వరసగా వినబడితే అది కాల్పులే అనుకుని కదలండి. తర్వాత ఏమీ కాదని తేలితే కాస్త సిగ్గనిపిస్తుంది, అంతే కదా.

ముందు పరుగెత్తాలా, దాక్కోవాలా, తిరగబడాలా?

అమెరికాలో "రన్, హైడ్, ఫైట్" అని నేర్పుతారు, 2012లో హ్యూస్టన్ నగరం చేయించిన వీడియోతో ఈ మాట బాగా జనంలోకి వెళ్లింది. బ్రిటన్‌లో "రన్, హైడ్, టెల్" అంటారు, అంటే పారిపో, దాక్కో, పోలీసులకు చెప్పు అని. రెండింట్లోనూ పారిపోవడమే మొదటిది, ఎందుకంటే మీరు అక్కడ లేకపోతే మిమ్మల్ని కాల్చే అవకాశమే లేదు.

అయితే ఇవి మెట్లు ఎక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సినవి కావు. దుండగుడు మీకూ బయటి దారికీ మధ్య ఉంటే పరుగు కుదరదు, తలుపు వేసుకోవాలి. దాక్కున్న గది తలుపు విరిగిపోతుంటే, కిటికీ ఉంటే మళ్లీ పరుగే. మూడింటి మధ్య అటూ ఇటూ మారాల్సి రావచ్చు.

పారిపోయేటప్పుడు ఏం గుర్తుపెట్టుకోవాలి?

సామాను వదిలేయండి. బ్యాగు, ల్యాప్‌టాప్, చెప్పులు, దేనికోసమూ వెనక్కి వెళ్లొద్దు. "రండి" అని గట్టిగా ఒకసారి పిలవండి, పక్కవాళ్ల చేయి పట్టి లాగండి, అయినా రాకపోతే వాళ్లను ఒప్పించడానికి ఆగకండి. ఈ మాట కఠినంగా ఉందని తెలుసు, కానీ కదలనని కూర్చున్న పెద్దమనిషితో వాదిస్తూ ఇద్దరూ చిక్కుకోవడం ఇంకా ఘోరం.

మనం వచ్చిన దారినే వెళ్లాలన్న అలవాటు అందరికీ ఉంటుంది, అందుకే మెయిన్ ద్వారం దగ్గర జనం ఒకరినొకరు తొక్కుకుంటారు. హోటళ్లు, షాపుల్లో వంటగది వెనకా, గోడౌన్ వైపూ సిబ్బంది తిరిగే తలుపు ఉంటుంది, చాలామందికి అది తట్టదు. లిఫ్ట్ వద్దు, మెట్లే. కిటికీ పగలగొట్టాల్సి వస్తే మధ్యలో కాదు, మూల మీద కొట్టండి. బయటపడ్డాక కూడా భవనం ముందే నిలబడి చూడొద్దు. గట్టి గోడలు మీకూ దానికీ మధ్య వచ్చేదాకా వెళ్తూనే ఉండండి, లోపలికి పోబోతున్నవాళ్లను ఆపండి.

అందరినీ హెచ్చరించడానికి ఫైర్ అలారం మోగించొచ్చా?

వద్దు. మంటలనుకుని జనం గదుల్లోంచి వరండాల్లోకి వచ్చేస్తారు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌ల్యాండ్ హైస్కూల్లో కాల్పుల వల్లే ఫైర్ అలారం మోగింది, కొందరు పిల్లలు అది విని గదులు దాటి బయటికి వచ్చారు. నోటితో "కాల్పులు జరుగుతున్నాయి, ఇటు రావద్దు" అని అరవడమే నయం.

దాక్కోవడమంటే బల్ల కింద దూరడమేనా?

దీనికి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

1999లో అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్ లైబ్రరీలో పిల్లలు బల్లల కింద దాక్కున్నారు. లైబ్రరీలోంచి బయటికి వేరే దారి కూడా ఉంది. దుండగులు అక్కడికీ వచ్చారు, ఆ ఒక్క గదిలోనే పదిమంది చనిపోయారు. తలుపు తెరిచే ఉన్న గదిలో బల్ల కింద ఉండటం దాక్కోవడం కిందికి రాదు.

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మంది చనిపోయారు. వాళ్లలో 30 మంది చనిపోయింది నోరిస్ హాల్ అనే భవనంలో. అదే భవనంలో, అదే అంతస్తులో 205వ నంబరు గదిలో ఉన్నవాళ్లు పెద్ద బల్లను తలుపుకు అడ్డంపెట్టి, నేల మీద పడుకుని దాన్ని నెట్టి పట్టుకున్నారు. దుండగుడు తోశాడు, తలుపులోంచి కాల్చాడు, లోపలికి మాత్రం రాలేకపోయాడు. ఆ గదిలో ఒక్కరికీ గాయం కాలేదు. పక్కన 204లో లివియు లిబ్రెస్కు అనే 76 ఏళ్ల ప్రొఫెసర్ తలుపును తన ఒంటితో అడ్డుకుని, విద్యార్థులు కిటికీలోంచి దూకేదాకా నిలబడి, ప్రాణం ఇచ్చారు.

అంటే అసలు సంగతి తలుపు. గడియ ఉంటే వేయండి. లోపలికి తెరుచుకునే తలుపైతే బీరువా, బల్లలు, కుర్చీలు, ఫోటోకాపీ మెషిన్, ఏది బరువుంటే అది అడ్డంపెట్టండి. బయటికి తెరుచుకునే తలుపుకు అడ్డంపెట్టి లాభం లేదు, దాన్ని లోపలి నుంచి లాగి పట్టుకోవాలి: తలుపు పైన మడతపడే ఇనుప చేయి ఉంటే దానికి బెల్టు బిగించి కట్టండి, లేదా హ్యాండిల్‌కు తాడు, చున్నీ, ఫోన్ చార్జర్ వైరు, ఏదైనా కట్టి పక్కకు జరిగి లాగండి. తలుపుకు ఎదురుగా మాత్రం ఎవరూ ఉండకూడదు. పార్క్‌ల్యాండ్‌లో దుండగుడు ఒక్క తరగతి గదిలోకి కూడా అడుగుపెట్టలేదు, తలుపుల్లో ఉన్న చిన్న అద్దాల్లోంచే కాల్చాడు. ఆ అద్దంలోంచి కనబడని మూల ప్రతి గదిలోనూ ఒకటి ఉంటుంది, అక్కడ గోడకు ఆనుకుని ఉండాలి.

లైట్లు ఆపండి. ఫోన్ సైలెంట్ చేయడమే కాదు, వైబ్రేషన్ కూడా తీసేయండి, బల్ల మీద ఫోన్ వణికితే బయటికి వినబడుతుంది. చేతికున్న స్మార్ట్ వాచ్‌ని మరిచిపోవద్దు. బయటినుంచి ఎవరో తలుపు తట్టి "పోలీసులం, తెరవండి" అంటే వెంటనే తెరవకండి, ఫోన్‌లో పోలీసులను అడిగి నిర్ధారించుకోండి.

తూటాను ఏది ఆపుతుంది?

కాంక్రీటు గోడ, లావుపాటి ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం, కారు ఇంజిన్ ఉన్న వైపు. చెక్క తలుపు, ప్లైవుడ్ అడ్డుగోడ, సోఫా, కారు డోరు ఆపలేవు. ఇవి మిమ్మల్ని కనబడకుండా చేస్తాయి, అదీ కొంత ఉపయోగమే, కానీ వాటి వెనక ఉన్నాం కదా అని స్థిమితపడకండి.

చనిపోయినట్టు పడి ఉంటే వదిలేస్తారా?

అలా బతికినవాళ్లు ఉన్నారు. పడి ఉన్నవాళ్లను మళ్లీ కాల్చిన సందర్భాలూ ఉన్నాయి. పారిపోలేని స్థితిలో, గాయపడి పడిపోయినప్పుడు కదలకుండా ఉండటం తప్ప దారి లేకపోవచ్చు. కాళ్లు పనిచేస్తుంటే మాత్రం ఇది ఎంచుకోవద్దు.

మామూలు మనుషులం, తుపాకీ ముందు ఏం ఎదిరించగలం?

వేరే దారి లేనప్పుడు ఎదిరించగలరు, ఎదిరించినవాళ్లు ఉన్నారు. పైన చెప్పిన 160 ఘటనల్లో 21ని ఆయుధం లేని మామూలు జనమే ఆపారు. 2023 జనవరిలో కాలిఫోర్నియాలోని మాంటెరీ పార్క్‌లో 11 మందిని చంపినవాడు అక్కడినుంచి ఇంకో డ్యాన్స్ హాలుకు వెళితే, అక్కడ పనిచేసే యువకుడు ఒక్కడే కలబడి తుపాకీ లాక్కున్నాడు. కాలిఫోర్నియాలో ఆ రాత్రి ఇంకెంతమంది బతికారో దాన్నిబట్టి ఊహించుకోండి.

కానీ ఇది వీరత్వం చూపించుకునే చోటు కాదు. తలుపు విరిగింది, పోవడానికి దారి లేదు, అప్పుడే. తలుపు పక్కన, అతను అడుగుపెట్టగానే చూడలేని వైపు నిలబడండి. మంటలార్పే సిలిండర్ ఉంటే అందులోది మొహం మీదకు చిమ్మండి, దానితోనే మోదొచ్చు. కుర్చీ, కత్తెర, వేడి నీళ్లు, ఏదైనా సరే. ఒకరు తుపాకీ పట్టుకుని గొట్టాన్ని జనం లేని వైపు తిప్పాలి, మిగతావాళ్లు చేతులూ కాళ్లూ పట్టి కింద పడేయాలి. ఒకరొకరుగా కాదు, అందరూ ఒక్కసారే. మొదలుపెట్టాక సగంలో ఆగొద్దు. తుపాకీ ఊడిందంటే దాన్ని దూరంగా తోసి దేనికిందైనా పెట్టండి, చేతిలో మాత్రం పట్టుకోవద్దు.

నా దగ్గర లైసెన్స్ ఉన్న తుపాకీ ఉంది. వెళ్లి అతన్ని ఆపనా?

వెతుక్కుంటూ వెళ్లొద్దు. లోపలికి వచ్చే పోలీసులకు మీరెవరో తెలియదు, తుపాకీ పట్టుకున్న మనిషి మాత్రమే కనబడతాడు. 2021లో కొలరాడోలోని అర్వాడాలో పోలీసును చంపిన దుండగుణ్ని ఒక పౌరుడు కాల్చి ఆపాడు. తర్వాత వచ్చిన పోలీసు ఆ పౌరుణ్నే దుండగుడనుకుని కాల్చేశాడు. అంత మంచి మనిషి అలా పోయాడు.

పోలీసులకు ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

మొదటి మాట చోటు. లైన్ తెగిపోయినా చోటు తెలిస్తే వస్తారు. భవనం పేరు, ఎన్నో అంతస్తు, ఏ వైపు. తర్వాత ఎంతమంది కాలుస్తున్నారు, చివరిసారి ఎక్కడ కనబడ్డారు, ఎలాంటి బట్టలు, ఎలాంటి తుపాకీ, గాయపడినవాళ్లు ఎంతమంది. అమెరికాలో 911, భారత్‌లోనూ యూరప్ దేశాల్లోనూ 112, బ్రిటన్‌లో 999. మాట్లాడితే ప్రమాదమనుకుంటే లైన్ తెరిచే ఉంచండి, వాళ్లు వింటారు. అమెరికాలో చాలాచోట్ల 911కి మెసేజ్ పంపినా అందుతుంది. వేరొకరు చేసుంటారులే అనుకోవద్దు, అందరూ అలాగే అనుకుంటారు.

పోలీసులు లోపలికి వచ్చాక మనం ఎలా ఉండాలి?

చేతులు ఖాళీగా, పైకెత్తి, వేళ్లు విడదీసి. చేతిలో ఫోన్ కూడా వద్దు, చీకట్లో అది ఏమిటో వాళ్లకు తెలియదు. పరుగెత్తుకెళ్లి పట్టుకోవద్దు, అరవొద్దు, చెప్పింది చెప్పినట్టు చేయండి. మిమ్మల్ని కింద పడుకోమనొచ్చు, చేతులు కట్టొచ్చు, దురుసుగా మాట్లాడొచ్చు, మనసుకు తీసుకోకండి. ముందు వచ్చిన జట్టు గాయపడినవాళ్ల పక్కనుంచే వెళ్లిపోతుంది, అది నిర్దయ కాదు, కాల్పులు ఆపడమే వాళ్ల మొదటి పని. చికిత్స చేసేవాళ్లు వెనక వస్తారు.

గాయపడినవాళ్లకు డాక్టర్ వచ్చేలోపు మనం ఏమైనా చేయగలమా?

చాలా చేయగలం, ఇది అందరూ నేర్చుకోవాలని నా గట్టి కోరిక. పెద్ద రక్తనాళం తెగితే ఐదు నిమిషాల్లోపే ప్రాణం పోవచ్చు. అమెరికాలో 2015లో "స్టాప్ ద బ్లీడ్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది ఇందుకే. కాసేపట్లో నేర్చుకోగలిగేవే ఇవన్నీ, రోడ్డు ప్రమాదంలోనూ పనికొస్తాయి.

మీరున్న చోటు సురక్షితమైతేనే మొదలుపెట్టండి. బట్టలు చించి గాయం ఎక్కడుందో చూడండి. రక్తం చిమ్ముతున్నా, ఆగకుండా కారి నేల మీద మడుగు కడుతున్నా అది ప్రాణాంతకం. చేతికో కాలికో అయితే టూర్నికెట్, అంటే రక్తం ఆగేలా బిగించే పట్టీ కట్టాలి: గాయానికి రెండు మూడు అంగుళాల పైన, ఒంటివైపు, మోచేయి మోకాలి కీళ్ల మీద కాకుండా. రక్తం పూర్తిగా ఆగేదాకా బిగించాలి. బాగా నొప్పి పుడుతుంది, వాళ్లు కేకలు పెడతారు, అయినా వదులు చేయొద్దు. ఎన్ని గంటలకు కట్టారో రాసిపెట్టండి. తీయడం ఆస్పత్రి పని.

టూర్నికెట్ లేకపోతే, లేదా గాయం మెడ దగ్గర, చంకలో, గజ్జల్లో ఉంటే, శుభ్రమైన గుడ్డ దొరికితే అది, లేకపోతే మీ చొక్కా అయినా సరే, గాయం లోపలికి గట్టిగా కుక్కి, రెండు చేతులతో మీ బరువంతా వేసి నొక్కండి. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదు. తడిసిపోతే పైన ఇంకో గుడ్డ వేసి నొక్కుతూనే ఉండాలి. ఛాతీలో, కడుపులో తగిలితే లోపలికి ఏమీ కుక్కొద్దు, ఎంత తొందరగా ఆస్పత్రికి చేరిస్తే అంత మంచిది. ఒళ్లు చల్లబడకుండా ఏదైనా కప్పండి.

బహిరంగ స్థలంలో, కచేరీలో ఉంటే?

నేల మీద పడుకుంటే చాలనుకోవద్దు. 2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్‌లో దుండగుడు హోటల్ 32వ అంతస్తు నుంచి కింద మైదానంలోని జనాన్ని కాల్చాడు, పైనుంచి చూసేవాడికి పడుకున్నవాళ్లూ నిలబడినవాళ్లూ ఒకటే. గట్టి గోడ చాటుకు వెళ్లండి, కాల్పులు ఆగిన సందు చూసుకుని అక్కడినుంచి ఇంకో చాటుకు, అలా మైదానం దాటాలి. పిల్లలను చేయి పట్టుకుని కాదు, ఎత్తుకుని పరుగెత్తండి.

చిన్నపిల్లలకు ఇవన్నీ చెప్పి భయపెట్టడం అవసరమా?

చంపడం, రక్తం గురించి చెప్పక్కర్లేదు. "టీచర్ దాక్కోమంటే చప్పుడు చేయకుండా దాక్కో, పరుగెత్తమంటే పరుగెత్తు, టీచర్ కనబడకపోతే తెలిసిన పెద్దవాళ్లతో వెళ్లు" ఇంతే చాలు, మామూలు గొంతుతో, రోడ్డు దాటడం నేర్పినట్టు. బడిలో డ్రిల్ చేస్తున్నారంటే ముందుగా పిల్లలకు చెప్పే చేస్తున్నారా, ఉత్తుత్తి తుపాకీ శబ్దాలూ నటులూ ఉంటారా అని అడగండి. అలాంటి భయానక డ్రిల్స్ పిల్లలకు హాని చేస్తాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2020లోనే హెచ్చరించింది. నెమ్మదిగా, ఆటలా నేర్పినా పిల్లలు నేర్చుకుంటారు.

నిజంగా బడిలో కాల్పుల వార్త వస్తే తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైన పని ఫోన్ చేయకుండా ఉండటం. దాక్కున్న పిల్లల దగ్గర ఫోన్ మోగితే ఏమవుతుందో ఆలోచించండి. బడి గేటు దగ్గరికి కార్లన్నీ వెళితే అంబులెన్సుకు దారి ఉండదు. పిల్లలను ఎక్కడ అప్పగిస్తారో బడివాళ్లు చెబుతారు, గుర్తింపు కార్డు పట్టుకుని అక్కడికి వెళ్లండి.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు, పరుగెత్తలేని పెద్దవాళ్లు?

వాళ్లకు గట్టి తలుపున్న గదే మొదటి ఆశ. రోజూ వెళ్లే ఆఫీసులో, గుడిలో, క్లాసులో లోపలి నుంచి గడియ పడే గది ఏదో ముందే చూసిపెట్టుకోండి, ఎవరు తోడుంటారో ఇద్దరితో మాట్లాడి ఉంచుకోండి, ఇద్దరెందుకంటే ఆ రోజు ఒకరు సెలవులో ఉండొచ్చు. వినికిడి లేనివాళ్లకు భుజం తట్టి సైగ చేసేవాళ్లు ఉండాలి.

ఎక్కడికెళ్లినా ఇదే ఆలోచిస్తూ ఉండాలా?

అక్కర్లేదు. కొత్త చోట కూర్చోగానే బయటికి దారులు రెండు ఎక్కడున్నాయో చూసుకోండి, అయిపోయింది, ఇక హాయిగా సినిమా చూడండి. అగ్నిప్రమాదానికీ అదే పనికొస్తుంది. ఆఫీసులో మీ గది తలుపుకు గడియ లోపలి నుంచి పడుతుందా అని ఇవాళే చూడండి. పడకపోతే పట్టుబట్టి బాగుచేయించండి.

ముందే కనిపెట్టి ఆపలేమా?

అన్నిసార్లూ కాదు, కానీ మనం అనుకునేదానికంటే ఎక్కువసార్లు సాధ్యం. ఇలా కాల్పులు జరిపిన 63 మంది గత జీవితాన్ని పరిశీలించి ఎఫ్‌బీఐ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. సగానికి పైగా మంది తమ ఉద్దేశాన్ని ముందే ఎవరితోనో అన్నారు, ఎక్కడో రాశారు. ఒక్కొక్కరిలో సగటున నాలుగైదు ఆందోళనకర లక్షణాలు చుట్టుపక్కలవాళ్లకు కనబడ్డాయి. మానసిక జబ్బు ఉన్నట్టు డాక్టర్లు నిర్ధారించినట్టు తేలింది పాతికశాతం మందికే, కాబట్టి డిప్రెషన్‌తో బాధపడే ప్రతి మనిషినీ అనుమానంగా చూడటం అన్యాయం, అలా చూస్తే వాళ్లు సాయం అడగడం కూడా మానేస్తారు.

చూడాల్సింది జబ్బును కాదు, మాటలను, చేతలను. పాత కాల్పుల గురించి మెచ్చుకోలుగా మాట్లాడటం, ఫలానావాళ్ల అంతు చూస్తాననడం, ఉన్నట్టుండి ఆయుధాలు కొనడం, వస్తువులన్నీ పంచిపెట్టి వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడటం. "ఊరికే అన్నాడులే" అని వదిలేయకండి. బడిలో, ఆఫీసులో, పోలీసులకు చెప్పండి. చెప్పడం వల్ల ఆ మనిషికి కూడా సాయం అందొచ్చు.

బయటపడ్డాక నిద్ర పట్టడం లేదు, నాకేమైనా అయిందా?

శబ్దం వింటే ఉలిక్కిపడటం, అదే దృశ్యం మళ్లీ మళ్లీ కళ్లముందుకు రావడం, "నేనెందుకు బతికాను" అన్న బాధ, ఇవన్నీ మొదటి వారాల్లో మామూలే. నెల దాటినా తగ్గకపోతే, పనికి వెళ్లలేకపోతే డాక్టర్‌ను కలవండి. మానసిక సాయం కోసం అమెరికాలో 988, భారత్‌లో టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఇంట్లోవాళ్లు "అయిపోయిందిగా, మరిచిపో" అనకుండా, చెప్పినప్పుడు వినండి, చెప్పకపోతే పక్కన కూర్చోండి.

లోపల ఉన్నప్పుడు వీడియో తీసి పెట్టొచ్చా? ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుంది మరి?

వద్దు. 2008 నవంబర్‌లో ముంబైలో దాడులు జరుగుతుంటే టీవీల్లో వచ్చిన ప్రత్యక్ష ప్రసారాన్ని చూసి, పాకిస్తాన్‌లో కూర్చుని వాళ్లను నడిపిస్తున్నవాళ్లు ఉగ్రవాదులకు ఫోన్‌లో ఎప్పటికప్పుడు సమాచారం అందించారు. 2012లో సుప్రీంకోర్టు తన తీర్పులో ఆ ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. ఇప్పుడు ప్రతి ఫోనూ ఒక టీవీ ఛానలే. మీరు ఏ గదిలో ఉన్నారో, పోలీసులు ఎటునుంచి వస్తున్నారో బయటపెట్టకండి, చనిపోయినవాళ్ల ఫొటోలు పంపకండి, వాళ్ల అమ్మానాన్నలకు ఆ కబురు వాట్సాప్‌లో తెలియకూడదు. ఇంట్లో ఒక్కరికి "క్షేమం, ఫోన్ చేయొద్దు, నేనే చేస్తా" అని మెసేజ్ పెట్టి, మిగతా అందరికీ ఆ ఒక్కరినే చెప్పమనండి.